ఎదురింటి నీళ్ళు

నాకు అనుమానం ఎక్కువని మా వూళ్ళో అందరూ అంటారు. అననీ. అనుమానం లేకపోతే ఏమవుతుందో నేను అనుభవించాను. మా ఆయన ఇలారీ పందిపిల్లల్ని అమ్మడానికి వారం వారం టౌను సంతకి వెళ్తుంటే, పాపం ఎండనక వాననక తిరుగుతున్నాడనుకున్నాను. పందిపిల్లలతో పాటు తనని కూడా అక్కడ ఒకావిడకి అప్పజెప్పుకున్నాడని ఊరందరికీ తెలిశాక, ఆఖర్న నాకు తెలిసింది. అప్పట్నించీ ఎవరైనా నవ్వుతూ దగ్గరికొస్తే ముందు వాళ్ళ చేతుల్లో ఏముందో చూస్తాను.

ఇంకో మాట కూడా అంటారు నా గురించి. స్టాంకా నోట అబద్ధం రాదని. అది మాత్రం నిజం. గొప్పకి చెప్పడం లేదు, దానివల్ల నేను బాగుపడిందేమీ లేదు. నా ఆవుని కొనడానికి వచ్చినవాడితో, బాబూ ఇది తంతుంది అని నేనే చెప్పాను. వాడు కొనకుండా పోయాడు. ఆ ఆవు తర్వాత నన్నే తన్నింది.

జూన్ చివర్లో పుల్ల చెర్రీలు కోస్తూ నిచ్చెన మీంచి పడ్డాను. ఎడమ కాలు రెండు చోట్ల విరిగింది. ఆసుపత్రిలో తొడదాకా సిమెంటు కట్టు వేసి, రెండు చంక కర్రలు చేతికిచ్చి ఇంటికి పంపారు. పొయ్యి దాకా వెళ్ళగలను, గుమ్మం దాకా వెళ్ళగలను. బావి దగ్గరికి వెళ్ళలేను. మా బావి పెరటి చివర పల్లంలో ఉంది. ఎలాగో దేకుతూ వెళ్ళినా, రెండు చేతుల్లో రెండు కర్రలుంటే బకెట్టు దేంతో మోస్తాను, పళ్ళతోనా?

కుళాయి లేదా అని అడుగుతారేమో. ఊరందరికీ ఉంది. నాలుగేళ్ళ కిందట గొట్టాలు వేసినప్పుడు నేనే వద్దన్నాను. ఆ నీళ్ళు మందు కంపు కొడతాయి. మా తాత తవ్వించిన బావి ఉండగా నాకేం ఖర్మ అన్నాను. ఆ మాట నలుగురిలో అన్నాను కాబట్టి కాలు విరిగాక కూడా దానిమీదే నిలబడాలి. మా అక్క కొడుకు ఆదివారాల్లో కారులో వచ్చి ఆరు సీసాల నీళ్ళు, రెండు రొట్టెలు బల్లమీద పెట్టి, హారన్ కొట్టుకుంటూ పోయేవాడు. ఆరు సీసాలతోనే వారమంతా. తాగాలి, వండుకోవాలి, మొహం కడుక్కోవాలి.

అలా ఉండగా ఒక పొద్దున, ఇంకా ఎండ మా కంచె దాటకముందు, గేటు చప్పుడైంది. చూస్తే లిక్సాండ్రా. ఎదురింటి లిక్సాండ్రా. భుజాన కావడి, కావడికి అటొక బకెట్టు ఇటొక బకెట్టు, నిండా నీళ్ళు. నా వంక చూడలేదు. మాట్లాడలేదు. బకెట్లు గుమ్మం ముందు మెట్టు మీద దించి, కావడి సర్దుకుని, వచ్చిన దారినే పోయింది.

ఇందులో వింతేముంది, పక్కవాళ్ళకి కాలు విరిగితే నీళ్ళు పోయరా అంటారా? పోస్తారు. కానీ మేమిద్దరం పదకొండేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు.

ఇలారీ వెళ్ళిపోయిన నెలకి, ఆదివారం పూట, చర్చి గుమ్మం దగ్గర నలుగురు ఆడవాళ్ళ మధ్య నిలబడి లిక్సాండ్రా నన్ను చూసి అంది: "పాపం స్టాంకా. చూస్తే జాలేస్తోంది."

అంతే. ఒక్క మాట. తిడితే తిరిగి తిట్టేదాన్ని. నా నోరు మీకు తెలీదు, ఆ విషయంలో నాకు లోటు లేదు. నవ్వితే నేనూ నవ్వేదాన్ని. జాలికి ఏం బదులు చెప్తారు? మా భాషలో దానికి మిల అని ఒకటే మాట. దేవుడు మనుషుల మీద చూపించేదీ మిలే, బిచ్చగాడి దోసిట్లో వేసేదీ మిలే, కాలు విరిగిన కుక్కని చూస్తే వచ్చేదీ మిలే. దయకి వేరే, జాలికి వేరే, కనికరానికి వేరే మాటలున్న మనుషులు అదృష్టవంతులు. ఎవరు తమని ఎక్కణ్ణించి చూస్తున్నారో మాటని బట్టి తెలిసిపోతుంది. మాకు ఆ వీలు లేదు, మనిషి మొహం చూసి తెలుసుకోవాలి. ఆ రోజు లిక్సాండ్రా మొహంలో నాకు కుక్కే కనబడింది. చర్చి లోపలికి వెళ్ళకుండా వెనక్కి తిరిగి ఇంటికొచ్చేశాను. దాని మొహం మళ్ళీ చూడనన్నాను, చూడలేదు. ఎదురెదురు ఇళ్ళలో ఉండి పదకొండేళ్ళు మొహం చూడకుండా ఉండటం ఎంత పనో ఎప్పుడైనా ప్రయత్నించి చూడండి.

అలాంటిది ఇప్పుడు నీళ్ళు తెస్తుందా? నిచ్చెన మీంచి పడిన స్టాంకా, కట్టుకున్నవాడు వదిలేసిన స్టాంకా, పాపం స్టాంకా. ఎద్దు పుండు కాకికి ముద్దా అన్నట్టు, నా కాలు విరిగితే దానికి పండగ. రోజూ వచ్చి నా గుమ్మం దాకా చూసి వెళ్ళొచ్చు.

అది కనుమరుగయ్యే దాకా ఆగి, మెట్టు మీద కూలబడి, కాలు చాపుకుని, రెండు బకెట్లూ ఒక్కొక్కటే వంచి కిటికీ కింది జెరేనియం మొక్కలకి పోసేశాను. మిగిలినవి కాలవలోకి. ఖాళీ బకెట్లు గేటు దగ్గరికి తోసేశాను.

రెండో రోజూ వచ్చింది. మూడో రోజూ వచ్చింది. అదే వేళకి, అదే మౌనంగా. నేను అలాగే పారబోశాను.

వారం గడిచాక పెన్షను పట్టుకుని పోస్టు సబీనా వచ్చింది. సబీనా అంటే ఉత్తరాల కంటే కబుర్లు ఎక్కువ పంచే మనిషి. నన్ను పిన్నీ అంటుంది. మెట్ల మీద కూర్చుని టోపీతో విసురుకుంటూ ఆ రెండు బకెట్ల వంక చూసింది.

"లిక్సాండ్రా పిన్ని తెచ్చిందా? ఊరంతా చెప్పుకుంటున్నారు. మంచిదే కదా పిన్నీ."

"ఏం మంచి? పిల్లికి బిచ్చం పెట్టని మనిషి బకెట్లకి బకెట్లు పోస్తుంటే నీకు అనుమానం రాలేదా?"

"ఊరికే పోస్తోందేమో."

"ఊరికే ఎవరైనా ఏదైనా ఇస్తారా? మీ పోస్టాఫీసులో స్టాంపు ఊరికే ఇస్తున్నారా?"

సబీనా నవ్వి, "నీకు స్టాంపు ఎందుకు పిన్నీ, నువ్వు ఎవరికీ ఉత్తరం రాయవుగా" అంది. తర్వాత గొంతు తగ్గించి, "మీ రెండిళ్ళ మధ్య దారి పక్కన ఆ అక్రోటు చెట్టుంది చూశావూ, అది నీ హద్దులో ఉందా, లిక్సాండ్రా పిన్ని హద్దులో ఉందా?" అని అడిగింది.

ఆ చెట్టు నా హద్దులోనే ఉంది. మా నాన్న నాటాడు. కానీ సబీనా వెళ్ళాక నాకు కునుకు పట్టలేదు. ఓహో, ఇదన్నమాట. ఇవాళ నీళ్ళు, రేపు సూపు, ఎల్లుండి కాగితం తెచ్చి సంతకం పెట్టు స్టాంకా అంటుంది. నేను చచ్చాక చెట్టు తనదవుతుంది.

మర్నాడు ఇంకోటి పట్టుకున్నాను. బకెట్టు వంచుతుంటే చెక్క పిడి సాంబ్రాణి వాసన వేసింది. వంగి మళ్ళీ వాసన చూశాను. సందేహం లేదు, సాంబ్రాణి. నీళ్ళ బకెట్టుకి సాంబ్రాణి పొగ ఎవరు వేస్తారు? ఏదో చదివి ఊది పంపుతోందన్నమాట. నా కాలు అతుక్కోకూడదని. ఆ రోజు నీళ్ళు మొక్కలకి కూడా పోయలేదు, అవేం పాపం చేశాయని. తిన్నగా కాలవలోకి వంచేసి, మూడుసార్లు శిలువ గుర్తు వేసుకున్నాను. రెండు రోజులు పోయాక మొక్కలు వాడిపోతుంటే చూడలేక మళ్ళీ వాటికే పోశాను. వాటికేమీ కాలేదు, ఇంకా గుబురుగా పూశాయి. అయినా నా అనుమానం పోలేదు.

జూలై ఎండలు ఈసారి మండిపోయాయి. సీసాలో నీళ్ళు వెచ్చగా, ప్లాస్టిక్ రుచితో ఉండేవి. గురువారానికే ఐదు సీసాలు అయిపోయేవి. శుక్ర, శనివారాలు గుక్కెడు గుక్కెడు తాగేదాన్ని. నాలుక అంగిట్లో అతుక్కుపోయేది. అలాంటి పొద్దుల్లో, చల్లటి బావినీళ్ళు, బకెట్టు అంచున మంచులా చెమర్చిన నీళ్ళు, నా చేత్తో నేనే వంచి పారబోశాను. ఒకసారి వేళ్ళు తడిశాయి. నోట్లో పెట్టుకోబోయి ఆగి, గౌను అంచుకి తుడుచుకున్నాను. దాహమంటే ఏమిటో నాకు తెలుసు, ఎవరూ చెప్పక్కర్లేదు. జాలి తాగడం కంటే దాహమే నయమనుకున్నాను.

లిక్సాండ్రా మాత్రం రోజురోజుకీ నెమ్మదిగా నడిచేది. మొదట్లో గబగబా వచ్చిన మనిషి, మూడు వారాలు గడిచేసరికి రోడ్డు మధ్యలో ఆగి, కావడి దించి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడేది. చిక్కిపోయింది కూడా. కిటికీ తెర సందులోంచి చూస్తూ, నటన చూడండి అనుకున్నాను. స్టాంకా కోసం నేనెంత కష్టపడుతున్నానో అని ఊరికి చూపించుకుంటోంది.

ముప్పై రెండో రోజు. అప్పటికి నేను రోజులు లెక్కపెట్టడం లేదు, తర్వాత తెలిసింది. బకెట్లు దించి గేటు దాకా వెళ్ళి, అక్కడ ఆగింది. గేటు స్తంభం చాటున నిలబడి ఆప్రాన్ జేబులోంచి సన్నటి కర్ర ఒకటి తీసింది. చిన్న కత్తి తీసింది. కర్ర మీద ఒక గాటు పెట్టి, పెదాలు కదిలించి, మళ్ళీ జేబులో పెట్టుకుని వెళ్ళిపోయింది.

నేను కిటికీ పట్టుకుని అలాగే ఉండిపోయాను. హేజెల్ చెట్టు కర్ర. గాట్లు. సాంబ్రాణి. దారిలో మాట్లాడకపోవడం.

చచ్చిపోయినవాళ్ళ నీళ్ళు.

మా వైపు ఇంట్లో ఎవరైనా పోతే, నలభై రోజులు ఆ ఇంటి ఆడమనిషి పొద్దున్నే ఇంకో ఇంటికి నీళ్ళు మోస్తుంది. బకెట్లకి సాంబ్రాణి వేస్తుంది. బావి నుంచి ఆ గుమ్మం దాకా నోరు విప్పకూడదు. రోజుకో గాటు పెడుతుంది. ఇక్కడి మనిషి ఆ నీళ్ళు తాగితే అక్కడ పోయినవాళ్ళ దాహం తీరుతుంది. నలభయ్యో రోజు వాగు దగ్గర ఒక సాక్షి నిలబడి, అవును, మోసింది అని చెప్పాలి. మా అమ్మకి నేను మోశాను. ఇప్పుడెవరు మోస్తున్నారు, కొట్లో సీసాల పెట్టె కొని పంచేసి చేతులు దులుపుకుంటున్నారు. అందుకే నాకు తట్టలేదు. పైగా లిక్సాండ్రా మొగుడు పోయి పందొమ్మిదేళ్ళు. పిల్లల్లేరు. అక్కాచెల్లెళ్ళు లేరు. ఎవరు పోయారని మోస్తోంది?

ఆ మధ్యాహ్నం సబీనా సైకిలు మీద పోతుంటే కేకేసి ఆపాను. "లిక్సాండ్రా తాలూకు ఎవరైనా పోయారా?"

"ఎవరున్నారు పోవడానికి? నేను చర్చిలో చావుగంట మోగకముందే తెలుసుకునేదాన్ని, నాకు తెలీకుండా ఎవరైనా పోతారా?"

అప్పుడు నా తలలో పురుగు తొలిచింది. ఎవరూ పోలేదు. నీళ్ళు నా గుమ్మానికి వస్తున్నాయి. మొదలుపెట్టింది నా కాలు విరిగాకే. అంటే నన్ను చచ్చినదాని కింద జమకట్టిందా? స్టాంకా ఎలాగూ పోతుంది, పాపం దానికీ ఎవరూ లేరు, ముందే మోసి పెడదాం అనుకుందా? జాలి ముదిరి ఇంత దూరం వచ్చిందా? ఒళ్ళు మండిపోయింది. నా బతుక్కి జాలిపడింది చాలక నా చావుక్కూడా జాలిపడుతోంది.

మర్నాడు తెల్లారకముందే మెట్టు మీద కుర్చీ వేసుకుని, చంక కర్రలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. లిక్సాండ్రా వచ్చింది. బకెట్లు దించేదాకా ఆగాను. దించగానే ఒక కర్ర చాచి దారికి అడ్డం పెట్టాను.

"ఆ జేబులో కర్ర తియ్యి."

పదకొండేళ్ళ తర్వాత నేను దానితో అన్న మొదటి మాట అది.

అది నా వంక చూసింది. దగ్గర్నించి చూస్తే మొహం పసుపుపచ్చగా, కళ్ళ కింద గుంటలు పడి ఉంది. "చూశావా" అంది.

"చూశాను. నేనింకా చావలేదు లిక్సాండ్రా. కాలు విరిగింది, మెడ కాదు. నీ నీళ్ళు నాకెందుకు మోస్తున్నావు? నేను పోయాక మోసేవాళ్ళు లేరని బెంగా?"

అది నవ్వింది. నవ్వు మధ్యలో పొట్ట పట్టుకుని, మెట్టు మీద నా కాళ్ళ దగ్గర కూర్చుంది. "నీకోసం కాదే పిచ్చిదానా" అంది. "నాకోసం."

అడ్డం పెట్టిన కర్ర వెనక్కి తీసుకున్నాను.

"క్రయోవా పట్నంలో పెద్ద డాక్టరుకి చూపించుకున్నాను. కోత వద్దన్నాడు, ఇప్పుడు కోసినా లాభం లేదన్నాడు. ద్రాక్ష కోతల దాకా ఉంటానేమో. నేను పోయాక నాకెవరు మోస్తారు? కూతురు లేదు, కోడలు లేదు. అందుకని ఓపికుండగానే నేనే మోసుకుంటున్నాను. ముసలాళ్ళు ఇదివరకు ఇలా మోసుకునేవాళ్ళు కదా."

"ఊళ్ళో ఇన్ని ఇళ్ళుండగా నా ఇల్లే దొరికిందా?"

"అందరికీ కుళాయిలున్నాయి. దాహం లేనివాళ్ళ గుమ్మంలో పోస్తే ఏం లాభం? ఊరు మొత్తానికి నీళ్ళు అవసరమున్న మనిషివి నువ్వొక్కదానివే. నీ కాలు విరగడం నా అదృష్టమే అనుకున్నాను, తప్పుగా అనుకోకు." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఇంకోటి. సాక్షి కావాలి. నువ్వు అబద్ధం చెప్పవు. మోసింది అని నువ్వంటే ఇక అక్కడెవరూ మారుమాట్లాడరు."

"మొదటిరోజే చెప్పొచ్చుగా."

"చెబితే నువ్వు నామీద జాలిపడి తాగుతావు. జాలితో తాగిన నీళ్ళు నాకొద్దు. దాహమేసి తాగాలి." నా వంక తిరిగి, చాలా మామూలుగా, కబుర్లలో అడిగినట్టు అడిగింది. "బావుంటాయి కదూ మా బావినీళ్ళు? తాగుతున్నావుగా?"

కిటికీ కింద జెరేనియం మొక్కలు ఎర్రగా విరగబూసి ఉన్నాయి. ఊళ్ళో అందరి మొక్కలూ ఎండకి మాడిపోయాయి, నావి తప్ప. అది వాటి వంకే చూస్తోంది. తాగానని చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచాను, దేవుడి సాక్షిగా. రాలేదు.

"తాగలేదు" అన్నాను. "ఒక్క చుక్క కూడా. అన్నీ పారబోశాను."

"ముప్పై రెండు రోజులవీనా?"

"అన్నీ. జాలిపడి తెస్తున్నావనుకున్నాను."

అది తిట్టలేదు. తిడితే బాగుండేది. మెల్లిగా లేచింది, కావడి తీసుకుంది. జేబులోంచి కర్ర తీసి గాట్ల మీద బొటనవేలు పెట్టి ఒకసారి పైనుంచి కిందికి రాసింది. ఆ రోజు గాటు పెట్టలేదు. గేటు వేయకుండానే వెళ్ళిపోయింది.

ఆ రెండు బకెట్లూ మెట్టు మీద ఉన్నాయి. చెంబుతో ముంచి తాగాను. మళ్ళీ తాగాను. పొట్ట ఉబ్బేదాకా తాగి, అక్కడే కూర్చుని ఏడ్చాను. ఎందుకేడ్చావంటే, దానిమీద జాలేసింది. ఇంకో మాట వెతికాను, దొరకలేదు. నేను దాన్ని కింద పెట్టి చూడటం లేదు. నా నాలుక అంగిట్లో అతుక్కుపోయిన శనివారాలు గుర్తొచ్చాయి, అలాంటి శనివారం అక్కడ ఎప్పటికీ అయిపోకుండా దానికి ఉంటుందేమో అనిపించింది. అంతే. చర్చి గుమ్మం దగ్గర దానికి కూడా ఇలాగే అనిపించిందేమో అని పదకొండేళ్ళలో మొదటిసారి అనుమానం వచ్చింది. అన్నిటినీ అనుమానించిన దాన్ని, ఆ ఒక్కటీ అనుమానించలేదు.

మర్నాడు గేటు వంక చూస్తూ కూర్చున్నాను. ఎండ కంచె దాటింది. లిక్సాండ్రా రాలేదు. ఒక్కరోజు తప్పినా మొత్తం తప్పినట్టే. ఇక కూర్చోలేకపోయాను. చంక కర్రలు తీసుకుని రోడ్డు దాటాను. ఇరవై అడుగుల రోడ్డు అది, నాకు అరగంట పట్టింది. కుక్క మొరిగితే దాన్నే తిట్టుకుంటూ పెరట్లోకి వెళ్ళాను.

లిక్సాండ్రా బావి గట్టు మీద కూర్చుని ఉంది. పక్కన ఇంకో జత బకెట్లు, నిండా నీళ్ళతో. కావడి కింద పడి ఉంది.

"లేవలేకపోతున్నావా, రావాలని లేదా?" అన్నాను.

"తెలీడం లేదు" అంది. "మోసి ఏం చెయ్యను? నీ పువ్వులు బాగానే ఉన్నాయిగా."

"ఇక పువ్వులకి చుక్క పోస్తే నా చెయ్యి విరగనీ. కాలు ఎలాగూ విరిగింది. లే."

"నిన్న గాటు పెట్టలేదు."

"నిన్నటివి తాగాను. పొట్ట పగిలేలా తాగాను. పెట్టు గాటు."

నా మొహంలోకి చాలాసేపు చూసింది. ఇప్పుడు అనుమానం దానిది. చివరికి కత్తి తీసి గాటు పెట్టింది.

"ముప్పై రెండు పోయాయి కదే స్టాంకా. మళ్ళీ మొదట్నించీ మోసే ఓపిక నాకు లేదు."

"ఉన్నవి మొయ్యి ముందు" అన్నాను. కావడి ఎత్తలేకపోయింది. ఒక బకెట్టు అక్కడే వదిలేసి, రెండో దాంట్లోంచి సగం ఒలకబోసి, మిగిలిన సగం పట్టుకుని లేచింది. నేను సాయం పట్టకూడదు, మోయాల్సింది అదే. పక్కన నడిచాను. దారిలో ఇద్దరం మాట్లాడలేదు, ఈసారి ఆచారం కోసం. మెట్టు మీద దించగానే దాని ఎదురుగానే చెంబుడు తాగాను. మిగతా దాంతో దాని కళ్ళముందే మొక్కజొన్న సంకటి కలిపి, జున్నుతో ఇద్దరం తిన్నాం.

మిగిలిన రోజులన్నీ అలాగే. రోజూ పొద్దున్నే నేను రోడ్డు దాటి వెళ్ళేదాన్ని, దాంతో పాటు తిరిగొచ్చేదాన్ని. చుక్క వృథా పోనివ్వలేదు. తాగాను, సూపు కాచుకున్నాను, తల కడుక్కున్నాను. జెరేనియం మొక్కలు నాలుగు రోజుల్లో ఎండిపోయాయి. సబీనా చూసి, "అయ్యో పిన్నీ, మొక్కలు" అంది. "పోనీ" అన్నాను.

ఒకరోజు సంకటి తింటూ లిక్సాండ్రా అంది: "ఒక్క మాటని పదకొండేళ్ళు మోశావు. నేను నలభై రోజులు నీళ్ళు మోయలేక చస్తున్నాను. నీ భుజాలు గట్టివే."

"ఆ మాట నువ్వు ఎందుకన్నావు?"

"జాలేసి అన్నాను. ఇంకెందుకంటాను? రాత్రంతా ఏడ్చి వచ్చాను నీకోసం. నువ్వు వెనక్కి తిరిగి వెళ్ళిపోయావు."

నలభయ్యో రోజు వాగు దగ్గరికి వెళ్ళాం. చర్చి వెనక రెండొందల అడుగులు. ఒక కుంటిది, ఒక రోగిష్టిది. ఊరు లేచేలోగా బయల్దేరినా చేరేసరికి సూర్యుడు కొండ మీదికి వచ్చేశాడు. లిక్సాండ్రా సంచిలోంచి సగానికి కోసిన సొరబుర్ర తీసింది, అందులో చిన్న కొవ్వొత్తి నిలబెట్టింది. సాక్షికి ఇవ్వాల్సిన కొత్త మట్టి చెంబు, తువ్వాలు గట్టు మీద పెట్టింది.

దారి పొడుగునా నాకు ఒకటే గుబులు. ఇప్పుడు అబద్ధం చెప్పమని అడుగుతుంది. అడిగితే ఏం చెయ్యాలి? చెప్తాననే అనుకున్నాను. డెబ్భై ఏళ్ళకి దగ్గరపడ్డాను, ఒక్క అబద్ధానికి దేవుడు నన్నేం చేస్తాడు. కానీ అది అడగలేదు.

"నిజమే చెప్పు స్టాంకా" అంది. "ఎన్ని రోజులుంటే అన్నే. చాలకపోతే అక్కడ ఎవర్నైనా అడుక్కుంటాను. ఇక్కడ ఎవర్నీ అడగలేదు, అక్కడ అడిగితే ఏంలే."

కొవ్వొత్తి వెలిగించి సొరబుర్ర నీళ్ళలో వదిలింది. వెంట తెచ్చిన చిన్న బకెట్టులో నీళ్ళు వాగులో పోసింది. సూర్యుడి వైపు తిరిగి అడిగింది: "లిక్సాండ్రా తన నీళ్ళు తాను మోసిందా, సాక్షీ?"

మూడుసార్లు అడగాలి. మొదటిసారి నేను కొవ్వొత్తి వంకే చూశాను. రెండోసారీ అంతే. సొరబుర్ర ఒక రాయికి తగిలి గిరగిరా తిరుగుతోంది. మూడోసారి అడిగింది.

"మోసింది" అన్నాను, వాగు అవతలి గట్టుకి వినిపించేలా. "నలభై రోజులూ మోసింది, నా గుమ్మం దాకా, రోగంతో మోసింది. నేను సాక్షిని. ముప్పై రెండు రోజులవి పారబోసింది స్టాంకా. లిక్సాండ్రా కాదు. ఆ నీళ్ళకి ఎవరైనా దాహంతో ఉండాలంటే, నేను ఉంటాను. నన్నడగండి, దాన్నడక్కండి."

సొరబుర్ర రాయిని వదిలించుకుని కిందికి పోయింది. లిక్సాండ్రా నీళ్ళ వంక చూస్తూ నిలబడింది.

"నామీద జాలేసిందా?" అంది.

"వేసింది. ఏం, వేయకూడదా?"

అది గట్టు మీది కొత్త చెంబు తీసి, వంగి, వాగులో ముంచి నా చేతికిచ్చింది. తాగాను. గొంతులో దిగుతుంటే చల్లగా ఉన్నాయి.

"పాపం స్టాంకా" అంది లిక్సాండ్రా.

అదే మాట, అదే గొంతు. చెంబు మళ్ళీ వాగులో ముంచి, ఈసారి దానికిచ్చాను.